బూటు కాలికి, మౌత్ పీస్ నోటికి

(మన సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు పదిహేను రోజుల కిందట ఫోన్ చేసి, "ఈసారి యుద్ధం కబుర్లు వద్దు సాబ్, అవి ప్రతి ఏడూ ఉండేవే. మీరు బ్యాండు గురించి మాట్లాడండి" అన్నారు. బ్యాండు గురించంటే అరగంటలో తెమిలే పని కాదు. అందుకని అందులో ఒక చిన్న ముక్క ఎంచుకున్నాను. చిన్న ముక్క అంటే నిజంగా చిన్న ముక్కే, ఇదిగో నా చేతిలో ఉంది. పొడవు మూడున్నర అంగుళాలు. నల్లగా, చిలకముక్కులా ఉంటుంది. దీన్ని క్లారినెట్ మౌత్ పీస్ అంటారు. వెనక కూర్చున్నవారికి కనిపించకపోయినా ఫర్వాలేదు. చాలా బ్యాండుల్లో స్టోరు వాళ్ళకి కూడా ఇది సరిగా కనిపించదు. (నవ్వులు)

నేను 1986లో భర్తీ అయ్యాను. 28 ఏళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం బ్యాండులోనే గడిచింది. యుద్ధం వస్తే బ్యాండు వాళ్ళు వాద్యాలు పెట్టెల్లో పెట్టి స్ట్రెచర్లు పట్టుకుంటారు. ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు కాబట్టి అటు వెళ్ళను. ఇవాళ ఈ విషయం ఎందుకు ఎంచుకున్నానంటే, మన కుటుంబాల పిల్లల్లో కొందరు ఎన్.సి.సి. బ్యాండులో, కొందరు స్కూలు బ్యాండులో క్లారినెట్ నేర్చుకుంటున్నారు. ఇద్దరు ముగ్గురు బ్యాండులో భర్తీ కావడానికి తయారవుతున్నారు. వాళ్ళ తల్లిదండ్రులు నన్నడిగే ప్రశ్న ఒకటే: "మా వాడికి ఊపిరి చాలట్లేదంటున్నారు, పెదాలు సరిపోవంటున్నారు, మాన్పించేద్దామా?" మాన్పించే ముందు ఈ ముక్క సంగతి చూడండి అని చెప్పడానికే వచ్చాను.

మనం రిక్రూట్లుగా సెంటర్‌కి వెళ్ళిన మొదటి వారం గుర్తు చేసుకోండి. క్వార్టర్ మాస్టర్ స్టోరు ముందు లైను కట్టించి బూట్లు ఇచ్చారు. ఎంత హడావుడిగా ఇచ్చినా సైజు మాత్రం అడిగారు. ఆరో నంబరు కాలికి తొమ్మిదో నంబరు బూటిచ్చి, వాడు పరేడులో కుంటితే "నీ కాళ్ళు పనికిరావు, ఇంటికి పో" అని ఏ ఉస్తాదూ అనలేదు. బూటే మార్చారు. మరి బ్యాండులో ఏం జరుగుతుంది? వాద్యం పెట్టె మీద నంబరు ఉంటుంది. ఆ పెట్టె ఎవడికి ఇష్యూ అయితే అందులో ఉన్న మౌత్ పీసే వాడి నోట్లోకి. ముందు వాడినవాడి పళ్ళు వేరు, పెదవి మందం వేరు. వీడివి వేరు. వాయించలేకపోతే వాద్యాన్ని ఎవరూ అనరు, కుర్రవాణ్ణే అంటారు.

అసలు ఈ ముక్క చేసే పనేమిటో రెండు మాటల్లో చెబుతాను. క్లారినెట్ ఒక వైపు మూసిన గొట్టంలాగా పనిచేస్తుంది. ఆ మూసిన వైపు ఇదే. అందుకే పిల్లనగ్రోవిలో గట్టిగా ఊదితే సా నుంచి పై సా వస్తుంది గానీ, క్లారినెట్‌లో రిజిస్టర్ కీ నొక్కితే సా నుంచి పైస్థాయి పంచమానికి ఎగిరిపోతుంది. మౌత్ పీస్‌కి కింది వైపు చదునైన పీట ఒకటుంటుంది. దాని మీద రీడ్ పడుకుంటుంది. ఆ పీట చివరి వరకూ చదునుగా పోదు. సగం దూరం పోయాక మెల్లగా రీడ్‌కి దూరంగా వంపు తిరుగుతుంది. కొస దగ్గరికి వచ్చేసరికి రీడ్‌కీ మౌత్ పీస్‌కీ మధ్య సన్నని సందు మిగులుతుంది. ఊదినప్పుడు రీడ్ ఆ సందుని మూస్తూ తెరుస్తూ కొట్టుకుంటుంది. బి ఫ్లాట్ క్లారినెట్‌లో అన్నిటికన్నా కింది స్వరానికి సెకనుకి సుమారు 147 సార్లు. పైకి పోయేకొద్దీ వందలు, వేలు. ఆ కొట్టుకునే రీడ్‌ని అదుపులో పెట్టేది వాయించేవాడి కింది పెదవి ఒక్కటే. సందు ఎంత వెడల్పు, వంపు ఎంత పొడుగు అన్న రెండు కొలతలూ ఆ పెదవి బలానికి తగ్గట్టు ఉండాలి. మొత్తం సంగతి ఇంతే. కానీ ఈ ఇంతే దగ్గరే బతుకులు మారిపోతాయి.

మా దగ్గరికి ఒక కుర్రవాడు వచ్చాడు. శ్రీకాకుళం జిల్లా వాడు. తండ్రి ఊళ్ళో బ్యాండు మేళంలో డోలు వాయించేవాడు. చెవి మంచిది, తాళం తప్పడు, నొటేషన్ ఆరు నెలల్లో చదవడం వచ్చేసింది. క్లారినెట్ ఊదితే మాత్రం సగం గాలి, సగం కీచు. ఇంతకుముందు నేర్పినచోట వాడి కాగితం మీద పెదవులు ఈ వాద్యానికి తగినవి కావని రాసి పంపారు. ఇక్కడ కూడా అదే మాట పడితే బ్యాండు నుంచి తీసి వేరే పనికి వేస్తారు. వాడు నా ముందు నిలబడి, "సాబ్, నా పెదాలు పనికిరావంట. మా నాన్నకి ఏమని రాయమంటారు?" అన్నాడు.

"ముందు వాద్యం తియ్యి" అన్నాను.

మౌత్ పీస్ తీసి చూస్తే పాత ప్లాస్టిక్ ముక్క. ఎన్ని చేతులు మారిందో తెలీదు. అరచేతితో వెనక రంధ్రం మూసి, రీడ్ బిగించి, గాలి లోపలికి పీల్చి చూశాను. మంచి మౌత్ పీస్, మంచి రీడ్ అయితే గాలి పీల్చేశాక రీడ్ రెండు మూడు సెకన్లు అతుక్కుని ఉండి, టప్‌మని వదులుతుంది. ఇది అతుక్కోనే లేదు. పీట వంకర పోయింది. రెండు పక్కల అంచుల్లో ఒకటి అరిగింది. కొసన సందు చాలా పెద్దగా ఉంది. దాని మీద మూడో నంబరు రీడ్. వాడి కింది పెదవి చూస్తే పల్చన, పై పళ్ళు కాస్త ముందుకున్నాయి. అలాంటి నోటికి అలాంటి ముక్క ఇచ్చి, ఆపైన గట్టి రీడ్ వేస్తే వస్తాదు కూడా వాయించలేడు. నా పెట్టెలో ఉన్న పాత మౌత్ పీసుల్లో సందు తక్కువది ఒకటి తీసి, రెండున్నర రీడ్ వేసి ఇచ్చాను. మొదట మౌత్ పీస్, బారెల్ రెండే ఊదించాను. అలా ఊదితే ఎఫ్ షార్ప్ దగ్గర స్వరం పలకాలి. పలికింది, నిలబడింది కూడా.

ఇక్కడ ఒక మాట. ఇది మంత్రం కాదు. ఆ రోజే వాడు గొప్ప వాద్యకారుడైపోలేదు. తప్పుడు ముక్కతో ఏడాది పోరాడినవాడికి దవడ బిగించే అలవాటు పడిపోయి ఉంటుంది. అది వదలడానికి రోజూ గంట చొప్పున లాంగ్ నోట్లు, ఏడెనిమిది వారాలు పట్టింది. మౌత్ పీస్ వేళ్ళకి వేగం ఇవ్వదు, చెవికి శ్రుతి నేర్పదు. అది అడ్డం తొలగుతుందంతే. ఆ కుర్రవాడు రెండేళ్ళ తర్వాత ఫస్ట్ క్లారినెట్లలో కూర్చున్నాడు. మిలిటరీ బ్యాండులో క్లారినెట్లు అంటే ఆర్కెస్ట్రాలో వయొలిన్లు చేసే పని చేస్తాయి. ఎక్కువ మందీ వాళ్ళే, ఎక్కువ స్వరాలూ వాళ్ళకే. అక్కడ మొదటి వరుస అంటే మాటలు కాదు.

ఇప్పుడు కొలతలకి వద్దాం. తల్లిదండ్రులు కాగితం మీద రాసుకుంటే మంచిది. కొస దగ్గర సందుని మిల్లీమీటర్లలో చెబుతారు. ఒక మిల్లీమీటరు దగ్గర్లో ఉన్నది మూసిన రకం, 1.20 దగ్గరికి పోయింది తెరిచిన రకం అనుకోండి. మనవాళ్ళకి ఎక్కువ పరిచయం ఉన్న యమహా 4సి సందు 1.05 మిల్లీమీటర్లు. ఫ్రాన్స్‌లో తయారయ్యే వాండోరెన్ వాళ్ళ 5 ఆర్.వి. 1.065. అదే కంపెనీ బి 45 అయితే 1.195. అంటే 4సి కీ బి 45 కీ తేడా ఎంత? మిల్లీమీటరులో ఏడో వంతు. మామూలు తెల్లకాగితం ఒకటిన్నర మందం. అంత తేడాకే ఒకడి నోట్లో పాట, ఇంకొకడి నోట్లో కీచు.

సందు పెద్దదైతే రీడ్ మెత్తగా ఉండాలి, సందు చిన్నదైతే రీడ్ గట్టిగా ఉండాలి. వంపు పొడుగ్గా ఉంటే కూడా కాస్త గట్టి రీడ్ అడుగుతుంది. ఇది మర్చిపోయి మౌత్ పీస్ ఒక్కటే మార్చి, పాత రీడే వేసి, "బాగాలేదు" అని తీర్పు చెప్పేవాళ్ళు చాలామంది. ఏ మౌత్ పీస్ పరీక్షించినా దానికి తగ్గ రీడ్ వేసి పరీక్షించాలి. కొత్తగా నేర్చుకునే పిల్లలకి నా లెక్క 1.00 నుంచి 1.10 లోపు సందు, రెండో నంబరు గానీ రెండున్నర గానీ రీడ్. గట్టి రీడ్ వేస్తే మగతనం అనే ఒక వెర్రి మన బ్యాండుల్లో ఉంది. "నేను నాలుగు మీద వాయిస్తా" అంటాడు. ఏ మౌత్ పీస్ మీద అని అడిగితే చెప్పలేడు. మౌత్ పీస్ చెప్పకుండా రీడ్ నంబరు చెప్పడం, తుపాకీ చెప్పకుండా తూటా చెప్పడం లాంటిది.

ఇక నోరు. పెదవి మందంగా, దవడ బలంగా ఉన్నవాడు తెరిచిన రకాన్ని అదుపు చెయ్యగలడు. శబ్దం కూడా పెద్దగా వస్తుంది. పల్చని పెదవి వాడికి మూసిన రకమే హాయి. పై పళ్ళు ముందుకుంటే వాద్యాన్ని కాస్త ఒంటికి దగ్గరగా వంచాలి, కింది దవడ ముందుకుంటే కాస్త బయటికి ఎత్తాలి. పై పళ్ళు ఆనే ఏటవాలు భాగం కొన్నిటిలో నిటారుగా, కొన్నిటిలో పల్చగా వంగి ఉంటుంది. నోరు ఎక్కువ తెరవలేని చిన్న పిల్లలకి పల్చనిది సుఖం. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకి పాల పళ్ళు ఊడి కొత్తవి కుదురుకునే కాలంలో తొందరపడి ఖరీదైన మౌత్ పీస్ కొనకండి. ఏడాది ఆగితే నోరే మారిపోతుంది.

పళ్ళ మాట వచ్చింది కాబట్టి మా తోటివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఈ సభలో యాభై, అరవై దాటినవాళ్ళమే ఎక్కువ. పింఛను వచ్చాక చాలామంది బ్యాండువాళ్ళు ఊళ్ళో పెళ్ళి బ్యాండుల్లో వాయిస్తారు. అది సరదా కోసమే అనుకోకండి. మూఢం పోయి ముహూర్తాలు మొదలైతే ఆ నాలుగు నెలల సంపాదనే కూతురి ఫీజు. మా పాత హవల్దార్ ఒకాయనకి పై పళ్ళు తీసేసి కట్టుడు పళ్ళు పెట్టారు. మౌత్ పీస్ మీద పళ్ళు ఆనించగానే పళ్ళ సెట్టు కదిలిపోయేది. "అన్నా, నా పని అయిపోయింది. క్లారినెట్ అమ్మేస్తా, ఎవరికన్నా చెప్పు" అని ఫోన్ చేశాడు.

అమ్మొద్దన్నాను. ఆయన వాడుతున్నది ఉద్యోగంలో అలవాటైన తెరిచిన రకం, మూడు నంబరు రీడ్. వయసులో ఉన్నప్పటి దవడకి అది సరిపోయింది. ఇప్పుడు దవడ అంత బిగించాల్సిన పనిలేని ముక్క కావాలి. మధ్యరకం సందు, మెత్తటి రెండో నంబరు రీడ్. పళ్ళు ఆనే చోట పల్చని రబ్బరు ముక్క అంటించుకోమన్నాను, అది తయారుగా అమ్ముతారు. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే పై పళ్ళు ఆనించడం మానేసి, పై పెదవిని కూడా పళ్ళ మీదకి మడిచి రెండు పెదవులతో పట్టే పద్ధతి ఉంది. ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు, పాత కాలం నుంచీ ఉన్నదే. అమెరికాలో జాజ్ క్లారినెట్ రాజు అనిపించుకున్న బెన్నీ గుడ్‌మన్ కూడా 1949లో, నలభై ఏళ్ళ వయసులో, ఇంగ్లీషు వాద్యకారుడు రెజినాల్డ్ కెల్ దగ్గర చేరి ఈ రెండు పెదవుల పద్ధతి నేర్చుకున్నాడు. పేరు ప్రఖ్యాతులు వచ్చాక ఆయన మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టగా లేనిది, మనకేం నామోషీ? అయితే ఈ పద్ధతిలో వాద్యం నోట్లో గట్టిగా నిలబడదు, నడుస్తూ వాయిస్తే కదులుతుంది. అందుకని మెడ పట్టీ తగిలించుకోవాలి. మా హవల్దార్ ఇప్పుడు ఊరేగింపులో రెండు గంటలు లాగలేడు గానీ, పందిట్లో కూర్చుని వాయించే పని మొత్తం చేస్తున్నాడు. క్లారినెట్ ఆయన దగ్గరే ఉంది.

నోటి తర్వాత చూడాల్సింది పని. ఎక్కడ వాయిస్తాడు, ఏం వాయిస్తాడు? నడుస్తూ, ఆరుబయట, డ్రమ్ముల పక్కన వాయించేవాడికి కాస్త తెరిచిన రకం, గొంతు బయటికి వినిపించేది కావాలి. గదిలో, మెస్సులో, డిన్నర్ నైట్‌లో వాయించేవాడికి అది అరుపు. ఇక మన రాగాలు వాయించాలంటే స్వరం జారాలి, ఊగాలి, రెండు స్వరాల మధ్య నిలవాలి. మూసిన రకం మీద గట్టి రీడ్ వేసుకుంటే స్వరం నిక్కచ్చిగా నిలుస్తుంది గానీ వంగదు. గమకం కావాలంటే సందు కాస్త ఎక్కువ, రీడ్ కాస్త మెత్తన ఉండాలి. 19వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో మహాదేవ నట్టువనార్ క్లారినెట్‌ని మన సంగీతంలోకి తెచ్చారని చెబుతారు. అక్కడి నుంచి ఎ.కె.సి. నటరాజన్ గారి దాకా వచ్చింది. ఆయన్ని మద్రాసు మ్యూజిక్ అకాడమీ 2008లో సంగీత కళానిధితో గౌరవించింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వాయిస్తుంటే వినండి, క్లారినెట్ అనేది ఎంత వంగుతుందో తెలుస్తుంది.

ఇది సైన్యానికి సంబంధం లేని సంగతి అనుకోకండి. 2023 జనవరి 29న విజయ్ చౌక్‌లో జరిగిన బీటింగ్ రిట్రీట్‌లో వాయించిన 29 బాణీలూ మన రాగాల మీద కట్టినవే. మా రోజుల్లో ఇంగ్లీషు మార్చులు ఎక్కువ, స్వరం నిలబడితే చాలు. ఇప్పటి కుర్రాళ్ళకి నిలబడాలి, జారాలి కూడా. ఇంగ్లీషు మార్చుల కోసం ఎప్పుడో కొన్న మౌత్ పీసులతో వాళ్ళని భైరవి పలికించమంటే ఎలా?

సన్నాయి వాళ్ళని చూసి మనం నేర్చుకోవాల్సింది ఉంది. మాది ప్రకాశం జిల్లా. మా జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారు నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్ళి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. నాదస్వరానికి దారాలతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి, చూశారా? చిన్నప్పుడు అవి అలంకారం అనుకునేవాణ్ణి. కాదు. ఆ రోజు గాలికి, తేమకి, తన నోటికి ఏది పలికితే అది వేసుకుంటాడాయన. ఎవరూ నంబరు వేసి ఇష్యూ చెయ్యరు. మన పల్లెటూరి సన్నాయి మేళగానికి తెలిసిన ఈ సంగతి లెడ్జర్లకి ఇంకా తెలియలేదు.

గాలి, తేమ అన్నాను కదా. మిలిటరీ వాడికి ఇది మామూలు వాడికన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే మన బదిలీలు అలాంటివి. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో 1950లో మొదలైన మన సైనిక సంగీత శిక్షణాలయం ఉంది. వానాకాలం అక్కడ రీడ్లు తడి పీల్చి ఉబ్బిపోతాయి. ఎండాకాలం రాజస్థాన్ వెళితే అవే రీడ్లు ఎండి వంకర్లు పోతాయి. నీలగిరుల్లో వెల్లింగ్టన్ లాంటి చోట, అంటే సుమారు 6000 అడుగుల ఎత్తుకి పోతే, కింద బాగా పలికిన రీడ్ గట్టిగా అనిపిస్తుంది. సగం నంబరు తగ్గించుకోవాలి. చలిలో శ్రుతి దిగుతుంది. గొట్టంలో గాలి పది డిగ్రీలు చల్లబడితే అర్ధస్వరంలో మూడో వంతు దాకా దిగిపోవచ్చు. ఊదేవాడి ఊపిరి కొంత వేడెక్కిస్తుంది కాబట్టి అంత పూర్తిగా దిగదు గానీ, జనవరి సాయంత్రం ఢిల్లీలో నిలబడినవాడికి అది ఎంత తలనొప్పో తెలుసు. దానికి మౌత్ పీస్ మార్చకూడదు, బారెల్ మార్చాలి. 66 మిల్లీమీటర్లది తీసి 65 గానీ 64 గానీ పెట్టుకోవాలి. మౌత్ పీసుల్లో కూడా కొన్ని 440 శ్రుతికి, కొన్ని 442 కి తయారు చేస్తారు. వాండోరెన్ వాళ్ళ 13 సీరీస్ 440 కోసం. బ్యాండులో సగం మంది అవీ, సగం మంది ఇవీ కొంటే శ్రుతి కలపడానికే పొద్దు గడిచిపోతుంది. కొనేముందు మీ బ్యాండు ఏ శ్రుతికి వాయిస్తుందో అడగండి.

ఇక దుకాణానికి వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలి? మీ సొంత వాద్యం తీసుకెళ్ళండి. మీకు బాగా అలవాటైన రీడ్లు నాలుగు, నంబరు తేడాలతో, పట్టుకెళ్ళండి. పేరు చూడకండి, ధర చూడకండి, ఫలానా పెద్దాయన ఇదే వాడతాడంటే అస్సలు వినకండి. ఆయన నోరు మీ అబ్బాయికి లేదు కదా. నా స్నేహితుడొకడు ఒక విదేశీ వాద్యకారుడి ఫొటో చూసి అదే మౌత్ పీస్ తెప్పించుకున్నాడు. కొన్ని వేలు పోశాడు. అది ఇప్పటికీ వాళ్ళింట్లో షోకేసులో ఉంది, బాగా మెరుస్తుంటుంది.

మొదట వేళ్ళేవీ మూయకుండా వచ్చే జి స్వరం, చాలా సన్నగా మొదలుపెట్టండి. నాలుక తగలగానే గుసగుస లేకుండా పలకాలి. తర్వాత అన్నీ మూసి కింది ఇ, దాని మీదే రిజిస్టర్ కీ నొక్కి బి. ఈ రెండింటి మధ్య శ్రుతి సరిగా ఉందో లేదో చెవి పెట్టి వినండి. మౌత్ పీస్ లోపలి ఖాళీ మీ వాద్యం గొట్టానికి నప్పకపోతే ఇక్కడే బయటపడుతుంది. ఎంత మంచి ముక్కయినా ఇక్కడ తప్పితే పక్కన పెట్టెయ్యండి, దీన్ని పెదవితో సరిచెయ్యడం జీవితాంతం చాకిరీ. తర్వాత మధ్యలో ఉండే ఎ, బి ఫ్లాట్. అవి పుట్టుకతోనే బలహీనమైన స్వరాలు, మరీ డొల్లగా ఉంటే వద్దు. తర్వాత పై సి, సన్నగా. చివరికి మీకు ఇష్టమైన పాట ఒకటి. అరగంట వాయించాక పెదవి ఎలా ఉందో చూసుకోండి. మొదటి ఐదు నిమిషాల్లో కొత్తదేదైనా బాగుంటుంది. ఇంకో చిట్కా: స్నేహితుణ్ణి వెనక్కి తిరిగి నిలబడమని, మూడు మౌత్ పీసులు మార్చి మార్చి వాయించండి. ఏది బాగుందో వాణ్ణి చెప్పమనండి. వాయించేవాడికి పుర్రెలోంచి వినిపిస్తుంది, వినేవాడికి గాల్లోంచి. రెండూ ఒకటి కావు.

పాతది కొనేటప్పుడు, లేదా స్టోరులో ఉన్నవాటిని ఏరేటప్పుడు మన ఈ.ఎం.ఈ. సోదరుల సాయం తీసుకోండి. వాళ్ళ దగ్గర ఫీలర్ గేజి ఉంటుంది, ఇంజన్లకి వాడేదే. ఒక మందపాటి చదునైన గాజుపలకని పీట మీద ఆనించి, అంగుళంలో పదివేలకి పదిహేను వంతుల మందం ఉన్న పల్చని రేకుని కొస వైపు నుంచి లోపలికి జార్చాలి. బలం పెట్టకుండా ఎక్కడ ఆగితే అంతవరకూ వంపు ఉన్నట్టు. యమహా 4సి లో 19 మిల్లీమీటర్లు. రేకు ఒక పక్క ఎక్కువ లోపలికి, ఇంకో పక్క తక్కువ పోయిందంటే అంచులు అరిగాయన్నమాట. అలాంటిది పిల్లవాడి చేతికివ్వకండి. దాన్ని ఇంట్లో గరుకు కాగితం పెట్టి రుద్ది బాగుచేద్దామని మాత్రం చూడకండి. కాగితం మందంలో పదో వంతు అటూ ఇటూ అయినా పోతుంది. అది చేసే పనివాళ్ళు వేరే ఉన్నారు.

మంచి మౌత్ పీసులు ఎక్కువగా ఎబొనైట్‌తో, అంటే గట్టిపరిచిన రబ్బరుతో చేస్తారు. దీన్ని వేడినీళ్ళతో కడగకూడదు. రంగు ఆకుపచ్చగా మారుతుంది, గంధకం వాసన వేస్తుంది. ఎండలో వదిలినా అంతే. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు చాలు. లోపల తెల్లటి పొర కట్టితే నిమ్మరసం కలిపిన నీళ్ళు కాసేపు. గొట్టం తుడిచే గుడ్డని మౌత్ పీస్‌లోంచి లాగకండి, రోజుకి రెండుసార్లు చొప్పున పదేళ్ళు లాగితే కొస అంచు అరిగిపోతుంది. వాయించడం అయ్యాక రీడ్ తీసి పక్కన పెట్టాలి. ముఖ్యంగా ఒకరి మౌత్ పీస్ ఇంకొకరు వాడొద్దు. క్షయ, జలుబు మాట ఎప్పటినుంచో ఉన్నదే, 2020 తర్వాత అయితే ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. బ్యాండు స్టోరుల్లో వాద్యం ఉమ్మడి ఆస్తి కావచ్చు, మౌత్ పీస్ మాత్రం మనిషికొకటి ఉండాలని నేను సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రాస్తూనే వచ్చాను. కొన్నిసార్లు మంజూరైంది, కొన్నిసార్లు "ప్రస్తుతానికి కుదరదు" అని తిరిగొచ్చింది. ఇక్కడున్న అధికారుల్లో ఆ కాగితాలు చూసే స్థానంలో ఎవరైనా ఉంటే నా మనవి అదే. ఒక రిక్రూట్‌ని తయారు చెయ్యడానికి ఎంత ఖర్చవుతుందో మీకు తెలుసు. వాణ్ణి పనికిరాడని పంపించేముందు ఒక మౌత్ పీస్ ధర ఎంతో కనుక్కోండి.

టీ అయ్యాక నేను వెనక గదిలో కూర్చుంటాను. నా సంచీలో ఆరు మౌత్ పీసులు, గాజుపలక, ఫీలర్ గేజి, సబ్బునీళ్ళు ఉన్నాయి. క్లారినెట్ తెచ్చుకున్న పిల్లలు ఒక్కొక్కరే రండి. రీడ్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. పెదాలు పనికిరావన్నారని మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని ముందు పంపండి. నాకు రాత్రి పదింటికి బండి ఉంది.

జై హింద్.